రాడ్ సెర్లింగ్

రాడ్ సెర్లింగ్ (డిసెంబరు 25, 1924 - జూన్ 28, 1975) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ టెలివిజన్ రచయిత, నిర్మాత, కథా వ్యాఖ్యాత. పూర్తి పేరు రాడ్‌మన్ ఎడ్వర్డ్ సెర్లింగ్. 1959 నుండి 1964 వరకు సి.బి.ఎస్. టెలివిజన్‌లో ప్రసారమైన "ద ట్వైలైట్ జోన్" ధారావాహికను సృష్టించినవాడు ఇతడే. అందులోని 156 ఎపిసోడులలో 92 ఇతడు స్వయముగా వ్రాశాడు. టెలివిజన్ రచనకు ఆరు ఎమ్మీ పురస్కారములు పొందాడు. న్యూయార్కు రాష్ట్రములోని బింగ్‌హామ్టన్ అనే చిన్న నగరములో ఇతని బాల్యము గడిచింది. ఆ ఊరే పేర్లు మార్చుకొని ఇతని కథలలో పదే పదే కనిపిస్తుంది. కాని ఆ కథల చిత్రీకరణ జరిగినది దేశమునకు మరొక చివరన ఉన్న కాలిఫోర్నియాలో, స్టూడియోవారు చెక్కతోను, ప్లాస్టరుతోను కట్టిన వీధులలో.

బాల్యము

సెర్లింగ్ న్యూయార్కు రాష్ట్రములోని సిరక్యూస్ నగరములో ఒక యూదు కుటుంబములో జన్మించాడు. తండ్రి శామ్యూల్, తల్లి ఎస్తేర్. ఇతనికంటె ఆరు సంవత్సరములు పెద్దవాడైన అన్న రాబర్ట్ సెర్లింగ్ తరువాతి కాలములో విమానయానము ఇతివృత్తముగా నవలలు వ్రాసి పేరు తెచ్చుకొన్నాడు. 1926లో కుటుంబము బింగ్‌హామ్టన్‌కు తరలి వచ్చింది. సస్క్వెహానా, షెనాంగో నదులు కలిసే చోట ఉన్న ఈ పట్టణమునకు, దాని చుట్టుప్రక్కల గ్రామములకు ఆ రోజులలో చెప్పుల కర్మాగారములు ప్రధాన జీవనాధారము. తండ్రికి కొత్త వస్తువులు కనిపెట్టవలెనని ఆసక్తి ఉన్నా, ఇల్లు గడవడానికి కిరాణా వ్యాపారము, ఆర్థిక మాంద్యము వచ్చిన తరువాత మాంసపు దుకాణము నడిపాడు.

వారి ఇల్లు బెన్నెట్ అవెన్యూలో ఉండేది. అక్కడికి నడిచి వెళ్ళగలిగినంత దూరములోనే రిక్రియేషన్ పార్కు ఉన్నది. చెప్పుల కర్మాగారముల యజమాని జార్జి ఎఫ్. జాన్సన్ 1925లో ఆ పార్కుకు ఒక రంగులరాట్నమును బహూకరించాడు. అరవై చెక్క గుర్రములున్న ఆ రాట్నము ఎక్కడానికి పిల్లలవద్ద డబ్బు తీసుకొనరాదని దాత షరతు పెట్టాడు. దానికి తోడు వేసవి సాయంత్రములలో బ్యాండు మేళములకు ఒక వాద్యమండపము ఉండేది. మన తిరునాళ్ళలో రంగులరాట్నము ఏడాదికొకసారి వచ్చి పోతుంది. బింగ్‌హామ్టన్ పిల్లలకు అది వేసవి అంతా, రోజూ, ఉచితముగా లభించేది. సెర్లింగ్ రచనలను అర్థము చేసుకొనడానికి ఈ రాట్నము, ఈ మండపము రెండూ గుర్తుంచుకొనదగినవి.

సెర్లింగ్ చిన్నప్పటినుండి గొప్ప మాటకారి. ఒకసారి బింగ్‌హామ్టన్ నుండి సిరక్యూస్‌కు కారులో వెళ్ళేటప్పుడు, తాము మాట్లాడకపోతే చిన్నవాడు గమనిస్తాడేమో చూద్దామని ఇంటివారందరూ మౌనము పాటించారట. రెండు గంటలకు పైబడిన ఆ ప్రయాణమంతా అతడు ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు గాని ఎవరూ బదులు పలకడము లేదన్న సంగతే అతనికి తెలియలేదు. తండ్రి ఇంటి నేలమాళిగలో ఒక చిన్న రంగస్థలము కట్టి ఇచ్చాడు. ఇరుగుపొరుగు పిల్లలను పోగు చేసి అక్కడ నాటకములు ఆడేవాడు. అన్నతో కలిసి చౌకరకము కాల్పనిక పత్రికలు చదివి, అందులోని ఘట్టములను అభినయించేవాడు.

ఏడవ తరగతిలో ఇంగ్లీషు బోధించిన హెలెన్ ఫోలీ అనే ఉపాధ్యాయిని ఇతని వాక్చాతుర్యమును గుర్తించి వక్తృత్వ పోటీలకు ప్రోత్సహించింది. సెర్లింగ్ ఆమెను మరువలేదు. 1960లో ప్రసారమైన "నైట్‌మేర్ యాజ్ ఎ చైల్డ్" ఎపిసోడులో కథానాయికయైన పంతులమ్మకు ఆమె పేరే పెట్టాడు. ఒక ఉపాధ్యాయురాలికి ఇంతకంటె గురుదక్షిణ ఏముంటుంది! బింగ్‌హామ్టన్ ఉన్నత పాఠశాలలోని నాటకశాలకు కూడ తరువాత ఆమె పేరు పెట్టారు. చదువుకొనే రోజులలో సెర్లింగ్ పాఠశాల పత్రికకు సంపాదకత్వము వహించాడు. అయితే యూదుడైన కారణముగా ఒక విద్యార్థి సంఘము ఇతనిని చేర్చుకొనలేదు. తాను ఎంతగానో ప్రేమించిన ఊరిలోనే ఎదురైన ఆ తిరస్కారము, పక్షపాతమును గురించి ఇతడు జీవితాంతము వ్రాయడానికి ఒక మూలమని చెప్పవచ్చు.

సైన్యములో

1943 జనవరిలో ఉన్నత పాఠశాల చదువు పూర్తి చేసిన వెంటనే సెర్లింగ్ సైన్యములో చేరాడు. పొట్టివాడైనా పట్టుపట్టి 11వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లోని 511వ పారాచూట్ పదాతి దళములో స్థానము సంపాదించాడు. జార్జియా రాష్ట్రములోని టొక్కోవా శిబిరములో శిక్షణ పొందాడు. అక్కడ ఫ్లైవెయిట్ తరగతిలో 17 బాక్సింగు పోటీలలో పాల్గొని ముక్కు విరగగొట్టుకొన్నాడు.

1944లో ఇతని దళమును పసిఫిక్ రంగమునకు పంపారు. న్యూగినీలో కొంతకాలమున్న తరువాత, నవంబరులో ఫిలిప్పీన్స్‌లోని లేటె ద్వీపములో దిగారు. ఎడతెగని వానలు, బురద కొండలు, ఆకలి, జపాను సేనలతో చేతికందే దూరములో పోరు. విమానములనుండి జారవిడిచిన ఆహారపు పెట్టె ఒకటి మీద పడి ఇతని మిత్రుడొకడు కళ్ళముందే మరణించాడు. ఆకలితో ఉన్నవారిని బ్రతికించడానికి వచ్చిన వస్తువే ప్రాణము తీయడమనే ఆ ఘటన ఇతని మనస్సులో నాటుకొన్నది. ట్వైలైట్ జోన్ కథలలో విధి ఆడే వక్రమైన ఆటలను చూచినప్పుడు ఈ సంఘటన గుర్తుకు రాక మానదు. మోకాలికి, మణికట్టుకు గాయములైన ఇతనికి పర్పుల్ హార్ట్, కాంస్య తార పతకములు లభించాయి. తరువాత మనీలా పోరులోనూ పాల్గొన్నాడు.

1945లో తండ్రి గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 52 సంవత్సరములు మాత్రమే. దూరదేశములో ఉన్న కుమారునికి అంత్యక్రియలకు వెళ్ళడానికి సెలవు దొరకలేదు. 1946లో సైన్యమునుండి విడుదలై వచ్చేసరికి వదలివెళ్ళిన ఇల్లు ఇల్లుగా లేదు. యుద్ధపు పీడకలలు ఇతనిని జీవితాంతము వెంటాడాయి.

చదువు, తొలి రచనలు

యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులకు ప్రభుత్వము కల్పించిన సదుపాయముతో సెర్లింగ్ ఒహైయో రాష్ట్రములోని యెల్లో స్ప్రింగ్స్‌లో ఉన్న ఆంటియాక్ కళాశాలలో చేరాడు. మొదట శారీరక విద్య, తరువాత సాహిత్యము చదివి 1950లో పట్టభద్రుడయ్యాడు. సహవిద్యార్థిని కారొలిన్ క్రామర్‌ను 1948లో వివాహము చేసుకొన్నాడు. వారికి ఇద్దరు కుమార్తెలు. చదువుకొంటూ ఖర్చులకోసము కొత్తరకపు పారాచూట్లను దూకి పరీక్షించే ప్రమాదకరమైన పని కూడ చేశాడు. 1949లో ఒక రేడియో నాటక రచన పోటీలో బహుమతి వచ్చింది. అదే పోటీలో ఎర్ల్ హామ్నర్ అనే మరొక యువకుడు కూడ బహుమతి పొందాడు. అతడు తరువాత ట్వైలైట్ జోన్‌కు ఎనిమిది కథలు వ్రాశాడు. వర్జీనియాలోని తన స్వగ్రామమును ఆధారముగా చేసుకొని "ద వాల్టన్స్" ధారావాహికను సృష్టించాడు.

పట్టా పుచ్చుకొన్న తరువాత సిన్సినాటీ నగరములోని డబ్ల్యు.ఎల్.డబ్ల్యు. ప్రసార కేంద్రములో ఉద్యోగము దొరికింది. చుట్టుప్రక్కల పట్టణములను కీర్తిస్తూ కార్యక్రమములు వ్రాయడము ఇతనికి అప్పగించిన పనులలో ఒకటి. ఆ పట్టణములలో చాలావాటికి స్థాపించిన సంవత్సరము, జనాభా, ఒక కర్మాగారము తప్ప చెప్పుకొనదగిన విశేషమేమీ ఉండేది కాదు. లేని చరిత్రను కల్పించి వ్రాయవలసి వచ్చేది. ఈ ఉద్యోగము సెర్లింగ్‌కు బొత్తిగా నచ్చలేదు గాని, ఊళ్ళను కల్పించడములో ఇతనికి దొరికిన తొలి అభ్యాసము ఇదే కావడము విశేషము. పగలు ఉద్యోగము, రాత్రి స్వంత రచన. పలు తిరస్కారముల తరువాత కథలు అమ్ముడుపోవడము మొదలైంది. ఉద్యోగము మానివేసి, 1954లో కుటుంబముతో కనెక్టికట్ రాష్ట్రములోని వెస్ట్‌పోర్ట్‌కు మారాడు. అప్పట్లో టెలివిజన్ నాటకములు చాలావరకు న్యూయార్కునుండి ప్రత్యక్షముగా ప్రసారమయ్యేవి.

1955 జనవరి 12న ప్రసారమైన "ప్యాటర్న్స్" అనే నాటకము ఇతని జీవితమును మార్చివేసింది. ఒక పెద్ద వ్యాపార సంస్థలో ముసలి ఉద్యోగిని క్రమముగా నలిపివేయడము ఇందులోని ఇతివృత్తము. ప్రేక్షకుల ఆదరణ చూచి నాలుగు వారములకే నటులందరినీ మరల రప్పించి, అదే నాటకమును రెండవసారి ప్రత్యక్షముగా ప్రదర్శించారు. ఆ రోజులలో ఇది అపూర్వమైన విషయము. ఈ నాటకమునకు తొలి ఎమ్మీ లభించింది. 1956లో "రెక్వియమ్ ఫర్ ఎ హెవీవెయిట్", 1957లో "ద కమెడియన్" నాటకములకు కూడ ఎమ్మీలు వచ్చాయి.

ఊరు మార్చవలసి వచ్చిన నాటకములు

1955 ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రములో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ళ నల్లజాతి బాలుని ఇద్దరు తెల్లవారు దారుణముగా చంపారు. తెల్లవారే సభ్యులుగా ఉన్న జ్యూరీ వారిని నిర్దోషులని విడిచిపెట్టింది. ఈ ఘోరము గురించి సెర్లింగ్ వ్రాయదలచాడు. నల్లజాతివాడు హతుడుగా ఉన్న నాటకమును ప్రకటనకర్తలు అంగీకరించరని తెలిసి, హతుని ఒక వృద్ధ యూదు వడ్డీవ్యాపారిగా మార్చి, కథాస్థలమును దక్షిణాది పట్టణముగానే ఉంచి "నూన్ ఆన్ డూమ్స్‌డే" అనే నాటకము సమర్పించాడు. ఇది టిల్ హత్య కథయేనని పత్రికలలో రావడముతో దక్షిణాది తెల్లవారి సంఘములు బెదిరింపులకు దిగాయి. ఉక్కు సంస్థ సమర్పించే కార్యక్రమము అది. వారు భయపడి మార్పులు కోరసాగారు. దక్షిణాది పట్టణము కాస్తా ఈశాన్యమున ఉన్న న్యూ ఇంగ్లండుకు తరలిపోయింది. హతుడు ఏ జాతివాడో తెలియని పరదేశి అయినాడు. దక్షిణాదిని గుర్తుచేస్తాయని సెట్టుమీద కోకాకోలా సీసాలను కూడ తీసివేయించారు. 1956 ఏప్రిల్ 25న ప్రసారమైన నాటకములో ఎక్కడ, ఎవరు, ఎందుకు అన్న మూడు ప్రశ్నలకూ సమాధానము మిగలలేదు.

సెర్లింగ్ పట్టు విడువలేదు. రెండేళ్ళ తరువాత అదే విషయమును "ఎ టౌన్ హాజ్ టర్న్‌డ్ టు డస్ట్" పేరుతో మరల వ్రాశాడు. ఈసారి కథ 1870ల నాటి నైరుతి ఎడారి పట్టణమునకు, హతుడు మెక్సికన్ యువకునిగా మారవలసి వచ్చింది. 1958 జూన్ 19న ప్రసారమైన ఈ నాటకమును విమర్శకులు మెచ్చుకొన్నారు. కాని తన దేశములో, తన కాలములో, పేరున్న ఒక ఊరిలో జరిగిన అన్యాయమును ఆ పేరుతో చెప్పే అవకాశము టెలివిజన్‌లో లేదని ఇతనికి రూఢి అయింది. 1956లోనే వ్రాసిన "ద అరీనా" నాటకములో అమెరికా సెనేట్ సభ్యులు సమకాలీన సమస్య ఒక్కటైనా పేరెత్తి చర్చించడానికి వీలులేకపోయింది.

కథను ఎలాగూ వేరే చోటికి, వేరే కాలమునకు తరలించవలసినప్పుడు ఇతరులు తరలించేదాకా ఆగడమెందుకు? గ్రహాంతరములకు, భవిష్యత్తుకు, ఎక్కడా లేని ఊళ్ళకు తానే తరలిస్తే ప్రకటనకర్తలు అభ్యంతరపెట్టరు. ట్వైలైట్ జోన్ పుట్టుకకు వెనుక ఉన్న తర్కము ఇది.

ట్వైలైట్ జోన్

అప్పటికి టెలివిజన్ నిర్మాణము న్యూయార్కునుండి కాలిఫోర్నియాకు మారుతూ ఉన్నది. సెర్లింగ్ కుటుంబము కూడ అక్కడికి తరలింది. పెర్ల్ హార్బరు దాడికి ముందురోజుకు కలలో వెళ్ళి వచ్చే మనిషి కథ "ద టైమ్ ఎలిమెంట్" 1958 నవంబరులో దేశీలు సంస్థ కార్యక్రమములో ప్రసారమై ప్రేక్షకాదరణ పొందింది. దానితో సి.బి.ఎస్. సంస్థ ధారావాహికకు ఒప్పుకొన్నది. సెర్లింగ్ తన నిర్మాణ సంస్థకు కయూగా ప్రొడక్షన్స్ అని పేరు పెట్టాడు. న్యూయార్కు రాష్ట్రములో తన కుటుంబము వేసవులు గడిపే సరస్సు పేరు అది.

తొలి ఎపిసోడు "వేర్ ఈజ్ ఎవ్రిబడీ?" 1959 అక్టోబరు 2న ప్రసారమయింది. ఒక యువకుడు నిర్జనమైన ఒక చిన్న పట్టణములో తిరుగుతూ ఉంటాడు. పొయ్యిమీద కాఫీ మరుగుతూ ఉంటుంది, ఆష్‌ట్రేలో చుట్ట కాలుతూ ఉంటుంది, మనిషి మాత్రము కనిపించడు. చివరకు, అంతరిక్ష యాత్రకు శిక్షణగా ఒంటరి గదిలో బంధించబడిన సైనికుని భ్రమ అదంతా అని తేలుతుంది. ఈ పట్టణము యూనివర్సల్ స్టూడియో ఆవరణలోని కోర్టు భవనపు కూడలి. 1985లో వచ్చిన "బ్యాక్ టు ద ఫ్యూచర్" చిత్రములో గడియారమున్న ఊరి కూడలిగా కనిపించేది కూడ ఇదే. ముఖములు మాత్రమే ఉండి వెనుక గదులు లేని భవనముల మధ్య, లేని మనుషులకోసము వెదికే కథను తీయడములో ఒక ఔచిత్యమున్నది.

ఈ మొదటి ఎపిసోడు తరువాత నిర్మాణము కల్వర్ సిటీలోని ఎం.జి.ఎం. స్టూడియోకు మారింది. బక్ హౌటన్ నిర్మాణ బాధ్యత చూచాడు. సెర్లింగ్ కాక రిచర్డ్ మాథెసన్, చార్లెస్ బోమాంట్ ముఖ్య రచయితలు. మొదటి సంవత్సరము సెర్లింగ్ కంఠము మాత్రమే వినిపించేది. రెండవ సంవత్సరమునుండి నల్లని సూటులో తెరమీద ప్రత్యక్షమై కథను పరిచయము చేయడముతో ఇతని రూపము దేశమంతటా పరిచితమైంది. ఖర్చు తగ్గించడానికి రెండవ సంవత్సరములో ఆరు ఎపిసోడులను ఫిల్ముకు బదులు వీడియో టేపుపై తీశారు. బయటి దృశ్యములకు అవకాశము లేక అవి కళ తప్పాయి. 1963లో ఎపిసోడు నిడివిని గంటకు పెంచిన ప్రయోగమును ఒక్క సంవత్సరముతో విరమించారు.

కల్వర్ సిటీలో బింగ్‌హామ్టన్

ఎం.జి.ఎం. స్టూడియోకు ప్రధాన భవనములు కాక, ఆరుబయట సెట్లు కట్టి ఉంచిన విశాలమైన స్థలములు ఉండేవి. వీటిని బ్యాక్ లాట్లు అంటారు. ఒకచోట న్యూయార్కు వీధి, ఒకచోట పశ్చిమ దేశపు పల్లె, ఒకచోట 1930, 40లలో కుటుంబ కథాచిత్రముల కోసము కట్టిన చెట్ల నీడల వీధి. నాటి అమెరికా టెలివిజన్‌లో కనిపించే చిన్న ఊళ్ళలో చాలా భాగము ఇటువంటివే. "ఆండీ గ్రిఫిత్ షో"లోని మేబెరీ ఉత్తర కరొలినాలోని మౌంట్ ఎయిరీ పట్టణమును తలపించినా, దాని వీధులు ఉన్నది కల్వర్ సిటీలోనే, ఫార్టీ ఏకర్స్ అనే మరొక స్థలములో.

ఒకనాడు సెర్లింగ్ ఎం.జి.ఎం. బ్యాక్ లాటులో నడుస్తూ ఉండగా, అక్కడి వీధి అచ్చముగా తన చిన్ననాటి బింగ్‌హామ్టన్‌లాగ కనిపించి నిలబడిపోయాడు. ఆ అనుభవమునుండి పుట్టినది 1959 అక్టోబరు 30న ప్రసారమైన "వాకింగ్ డిస్టెన్స్". 36 ఏళ్ళ మార్టిన్ స్లోన్ న్యూయార్కులో ఒక ప్రకటన సంస్థ ఉన్నతోద్యోగి. కారు మరమ్మతుకు ఆగినచోటునుండి, నడిచి వెళ్ళగలిగినంత దూరములో తన స్వగ్రామము హోమ్‌వుడ్ ఉన్నదని తెలిసి వెళతాడు. అక్కడ పాతికేళ్ళ క్రిందటి వేసవి అట్లే ఉన్నది. చనిపోయిన తల్లిదండ్రులు బ్రతికి ఉన్నారు. తానే పిల్లవాడై వాద్యమండపము వద్ద పేరు చెక్కుతున్నాడు. తానెవరో చెప్పబోతే తల్లి భయపడి తలుపు వేసుకొంటుంది. బాలుని వెంబడించగా వాడు బెదరి రంగులరాట్నముమీద నుండి పడి కాలు విరగగొట్టుకొంటాడు. చివరకు తండ్రి నిజము గ్రహించి, ఈ వేసవి ఆ పిల్లవానిదని, నీకు ఇక్కడ చోటు లేదని, వెనుకకు కాక ముందుకు చూడమని చెప్పి పంపివేస్తాడు. మార్టిన్ కుంటుతూ తిరిగి వెళతాడు.

హోమ్‌వుడ్ పార్కు రిక్రియేషన్ పార్కే. ఆ తండ్రి ఎవరో చెప్పనక్కరలేదు. అంత్యక్రియలకు రాలేకపోయిన కుమారుడు తన తండ్రితో ఆ రాట్నము ప్రక్కన కూర్చొని మాట్లాడగలిగినది ఈ ఒక్కచోటనే. కాలి గాయములో కూడ లేటె ద్వీపపు జ్ఞాపకము ఉన్నదని తోస్తుంది. గిగ్ యంగ్ నటన, రాబర్ట్ స్టీవెన్స్ దర్శకత్వము, బెర్నార్డ్ హెర్మన్ సంగీతము ఈ ఎపిసోడుకు వన్నె తెచ్చాయి. ఇరవై అయిదు నిమిషముల ఈ కథ టెలివిజన్ నాటకములలో అత్యుత్తమమైన వాటిలో ఒకటిగా నేటికీ లెక్కకు వస్తుంది. సెర్లింగ్ మాత్రము తరువాత విద్యార్థులకు పాఠము చెప్పేటప్పుడు దీనిలోని లోపములను తానే ఎత్తి చూపేవాడు.

1960 మే 6న ప్రసారమైన "ఎ స్టాప్ ఎట్ విల్లోబీ" దీనికి జంటగా చెప్పదగినది. పై అధికారి వేధింపులకు, భార్య సూటిపోటి మాటలకు అలసిన ఉద్యోగి న్యూయార్కునుండి వెస్ట్‌పోర్ట్‌కు రైలులో వెళ్ళే దారిలో, కునుకు పట్టినప్పుడెల్లా 1888 నాటి విల్లోబీ అనే స్టేషను కనబడుతుంది. ఒకరోజు అక్కడ దిగిపోతాడు. అతడు నడుస్తున్న రైలునుండి మంచులోకి దూకి మరణించాడని మనకు తెలుస్తుంది. వెస్ట్‌పోర్ట్ సెర్లింగ్ కాపురమున్న ఊరే. మొదటి కథలో గతము మనిషిని తిప్పి పంపింది. ఈ కథలో పంపలేదు.

అయితే సెర్లింగ్‌కు చిన్న ఊరిపై ఉన్నది గ్రుడ్డి ప్రేమ కాదు. 1960 మార్చి 4న వచ్చిన "ద మాన్‌స్టర్స్ ఆర్ డ్యూ ఆన్ మేపిల్ స్ట్రీట్"లో అటువంటి చెట్ల నీడల వీధిలోనే విద్యుత్తు ఆగిపోతుంది. తమలో ఎవరో గ్రహాంతరవాసి ఉన్నారన్న అనుమానముతో పొరుగువారు ఒకరినొకరు నిందించుకొని, రాళ్ళు రువ్వుకొని, ప్రాణములు తీసుకొంటారు. దీనిని తీసినది ఎం.జి.ఎం. రెండవ లాటులో, యాండీ హార్డీ చిత్రముల ద్వారా అమెరికా ప్రేక్షకులకు ఆదర్శ గృహస్థ జీవనమునకు గుర్తుగా నిలిచిన వీధిలో. చివరిలో కనిపించే అంతరిక్ష నౌక కూడ అదే సంస్థ 1956లో తీసిన "ఫర్బిడెన్ ప్లానెట్" చిత్రమునుండి తీసుకొన్నదే. మూడు, నాలుగేళ్ళ క్రిందట ఉత్తరములతో బెదిరించిన జనమును పేరు పెట్టకుండానే ఈ కథలో నిలబెట్టగలిగాడు.

ఎడారి చిత్రీకరణలు

ధారావాహికకు నిజమైన ప్రదేశములలో చిత్రీకరణ అరుదు. జరిగినప్పుడు అది ఎక్కువగా కాలిఫోర్నియా తూర్పు ఎడారులలో జరిగింది. "ద లోన్లీ" కథలో ఒక ఖైదీకి గ్రహశకలముమీద ఏకాంత శిక్ష విధిస్తారు. 1959 జూన్‌లో దీనిని డెత్ వ్యాలీలో తీశారు. ప్రపంచములోనే అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రదేశమది. ఎండదెబ్బకు ఛాయాగ్రాహకుడు జార్జి క్లెమెన్స్ సొమ్మసిల్లి పడిపోయాడు. పలువురు సాంకేతిక సిబ్బంది జబ్బుపడ్డారు. "ఐ షాట్ యాన్ యారో ఇన్‌టు ది ఎయిర్"లో కూడ ఇదే ఎడారి కనిపిస్తుంది. గ్రహశకలముపై కూలామని భ్రమించిన అంతరిక్ష యాత్రికులలో ఒకడు నీటికోసము తోటివారిని చంపుతాడు. గుట్ట ఎక్కి చూస్తే రహదారి, టెలిఫోను స్తంభములు కనబడతాయి. వారు కూలినది అమెరికాలోనే.

1960 సెప్టెంబరులో వచ్చిన "కింగ్ నైన్ విల్ నాట్ రిటర్న్"కు 1943లో లిబియా ఎడారిలో మాయమై, 1958లో ఆచూకీ దొరికిన ఒక అమెరికా బాంబరు విమానపు ఉదంతము ప్రేరణ. లిబియాకు బదులు కాలిఫోర్నియా ఇసుకలో నిజమైన బి-25 విమానమును నిలిపి తీశారు. యుద్ధమునుండి తాను బ్రతికి రావడమే తప్పన్నట్లు కుమిలే సైనికుని కథ ఇది. ఫిలిప్పీన్స్ యుద్ధభూమి నేరుగా కథాస్థలమైనది "ద పర్పుల్ టెస్టమెంట్"లో. చనిపోబోయేవారి ముఖములో వింత వెలుగును చూడగలిగే లెఫ్టినెంటు ఇందులో కథానాయకుడు.

ఊళ్ళ పేర్లు

1961 నవంబరులో ప్రసారమైన "డెత్స్‌హెడ్ రివిజిటెడ్"లో సెర్లింగ్ ముసుగు తీసివేశాడు. తాను హింసించిన శిబిరమును చూడవచ్చిన నాజీ అధికారిని మృతులు విచారిస్తారు. శిబిరము పేరు డాకౌ అనే చెప్పాడు. పశ్చిమ దేశపు సైనిక కోటగా కట్టిన సెట్టును ఆ శిబిరముగా మార్చి తీశారు. 1963 జనవరిలో వచ్చిన "హీ ఈజ్ అలైవ్"లో హిట్లరు ప్రేతము అమెరికాలోని యువ జాతివాదికి ఉపదేశము చేస్తుంది. ఆ ప్రేతము ఇక ఎక్కడికి వెళ్ళవచ్చునో చెప్పే చివరి వ్యాఖ్యలో సెర్లింగ్ కొన్ని అమెరికా నగరముల పేర్లు చదివాడు. అందులో తన జన్మస్థలమైన సిరక్యూస్ ఒకటి.

1964 మార్చి 27న ప్రసారమైన "ఐ యామ్ ద నైట్ - కలర్ మీ బ్లాక్"లో ద్వేషము నిండిన ఒక చిన్న పట్టణములో తెల్లవారదు. చివరిలో రేడియోలో, ఇదే చీకటి కమ్మిన ఇతర ప్రదేశముల పేర్లు వినిపిస్తాయి. బెర్లిన్ గోడ, ఉత్తర వియత్నాముతో పాటు నాలుగు నెలల క్రితము కెనెడీ హత్య జరిగిన డల్లాస్ నగరపు వీధి, ఆరు నెలల క్రితము చర్చిలో బాంబు ప్రేలి నలుగురు నల్లజాతి బాలికలు మరణించిన అలబామాలోని బర్మింగ్‌హామ్ కూడ ఉన్నాయి. ఎనిమిదేళ్ళ క్రితము కోకాకోలా సీసా కనబడితేనే బెదరిపోయిన టెలివిజన్‌లో దక్షిణాది ఊళ్ళ పేర్లు చెప్పగలిగాడు. కథాపరముగా ఇది ఇతని గొప్ప ఎపిసోడులలోనిది కాదు. ఆ పేర్లకోసము మాత్రము గుర్తుంచుకొనదగినది. అదే సంవత్సరము జూన్ 19న ధారావాహిక ముగిసింది.

తరువాతి రచనలు

సెర్లింగ్ ధారావాహికపై తన హక్కులను సి.బి.ఎస్. సంస్థకు అమ్మివేశాడు. పునఃప్రసారములలో అది ఆర్జించిన లాభము ఇతనికి దక్కలేదు. 1964లో "సెవెన్ డేస్ ఇన్ మే" చిత్రమునకు రచన చేశాడు. 1968లో వచ్చిన "ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్" చిత్రానువాదములో మైకేల్ విల్సన్‌తో పాటు ఇతని పేరు ఉన్నది. ఎక్కడో పరాయి గ్రహముననుకొన్నది తన దేశమేనని శిథిలమైన స్వేచ్ఛా ప్రతిమను చూచి కథానాయకుడు గ్రహించే ముగింపు సెర్లింగ్ శైలిని పట్టి ఇస్తుంది. కథలో అది న్యూయార్కు తీరము. చిత్రీకరణ జరిగినది కాలిఫోర్నియాలో మాలిబూ వద్ద పాయింట్ డ్యూమ్ ప్రాంతపు సముద్రతీరములో.

1970 నుండి 1973 వరకు ఎన్.బి.సి.లో "నైట్ గ్యాలరీ" ధారావాహికను పరిచయము చేశాడు. ఇందులో నిర్మాణముపై ఇతనికి అధికారము లేకపోవడముతో అసంతృప్తి చెందాడు. అయినా 1971 జనవరిలో వచ్చిన "దే ఆర్ టేరింగ్ డౌన్ టిమ్ రైలీస్ బార్" ఇతని ఉత్తమ రచనలలో చేరుతుంది. పడగొట్టబోతున్న పాత మద్యశాల ఎదుట నిలబడి, యుద్ధమునుండి తిరిగి వచ్చిననాటి తనను, మరణించిన తన తండ్రిని చూచే నడివయస్సు ఉద్యోగి కథ అది.

1960ల చివరనుండి న్యూయార్కు రాష్ట్రములోని ఇథకా కళాశాలలో అధ్యాపకుడుగా పనిచేశాడు. కయూగా సరస్సు ఒడ్డున వేసవి ఇంటికి వచ్చిన ప్రతి సంవత్సరము, ఒకరోజు కారు నడుపుకొంటూ బింగ్‌హామ్టన్ వెళ్ళి, బెన్నెట్ అవెన్యూలోని పాత ఇంటిని, పార్కును చూచి వచ్చేవాడు.

మరణము

సెర్లింగ్ రోజుకు మూడు, నాలుగు పెట్టెల సిగరెట్లు కాల్చేవాడు. తన కార్యక్రమములో సిగరెట్ల ప్రకటనలలో కూడ కనిపించాడు. 1975 మే నెలలో గుండెపోటు వచ్చింది. జూన్‌లో రోచెస్టరు నగరపు ఆసుపత్రిలో గుండెకు శస్త్రచికిత్స జరుగుతుండగా మరల గుండెపోటు వచ్చి, జూన్ 28న మరణించాడు. అప్పటికి ఇతని వయస్సు 50 సంవత్సరములు. తండ్రి జీవించినన్ని ఏళ్ళు కూడ జీవించలేదు. కయూగా సరస్సు సమీపమున ఇంటర్‌లాకెన్ గ్రామపు స్మశానములో ఖననము చేశారు.

చిత్రీకరణ స్థలములు

ఎం.జి.ఎం. సంస్థ ఆర్థిక ఇబ్బందులలో పడి 1970లలో తన బ్యాక్ లాట్లను అమ్మివేసింది. మేపిల్ స్ట్రీట్‌గా కనిపించిన వీధిని పడగొట్టగా, ఆ స్థలములో ఇళ్ళు వెలిశాయి. ప్రధాన స్టూడియో ఆవరణ తరువాత సోనీ సంస్థకు చెందింది. యూనివర్సల్ స్టూడియోలోని కోర్టు కూడలి పలుమార్లు అగ్నిప్రమాదములకు గురియైనా మరల కట్టారు.

బింగ్‌హామ్టన్‌లోని రిక్రియేషన్ పార్కు రంగులరాట్నమును 1992లో చారిత్రక కట్టడముల జాతీయ జాబితాలో చేర్చారు. దాని పై పలకలమీద ట్వైలైట్ జోన్ కథల దృశ్యములు చిత్రించబడ్డాయి. వాద్యమండపములో "వాకింగ్ డిస్టెన్స్"ను స్మరించే ఫలకము ఉన్నది. సెర్లింగ్ శతజయంతి సంవత్సరమైన 2024లో, సెప్టెంబరు నెలలో, అదే పార్కులో ఇతని విగ్రహమును ఆవిష్కరించారు.